తీర్పు చెప్పే ముందు: రియాలిటీ షోలు, క్రైమ్ కథలు ఇంటిల్లిపాదీ ఎలా చూడాలి

రాత్రి తొమ్మిదిన్నర. ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో మా వీధి సద్దుమణిగే వేళ. టీవీలో గళ్ల చొక్కా మనిషి ఒకడు తల వంచుకుని పోలీసు జీపు ఎక్కుతున్నాడు. మా అత్త వక్కలు కత్తిరించడం ఆపి, అడకత్తెర చేతిలో అలాగే పట్టుకుని, "ఈడే సంపీసినాడే! మొకం సూస్తే తెలీట్లేదేటి?" అంది. పదో తరగతి చదివే మా అమ్మాయి, "నాన్నమ్మా, అతను యాక్టరు. పోయిన వారం ఇంకో కథలో ఎస్సై వేషం వేశాడు" అంది. అత్త ఒక్క క్షణం తెరవైపు చూసి, "అయితే ఏటి? అసలోడూ ఇలాగే ఉంటాడు" అని మళ్లీ వక్క మీదికి వంగింది.

ఆ మాట విని నాకు నవ్వు రాలేదు. దానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట ఎదురింటి అప్ప కొడుకు పనిచేసే దుకాణంలో కొన్ని సెల్‌ఫోన్లు పోయాయి. అక్కడి కుర్రాళ్లందరినీ స్టేషన్‌కు పిలిచి అడిగారు. అతన్నీ పిలిచారు. జరిగింది అంతే. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర నా బిందె నిండేలోపు ముగ్గురితో "ఆ గుంటడ్ని పట్టుకెళ్లారంట" అన్నాను. పిలిచారు అనలేదు, పట్టుకెళ్లారు అన్నాను. ముందురోజు రాత్రి ఎపిసోడ్‌లో విన్న మాటే నా నోటికి వచ్చేసింది. నాలుగు రోజుల్లో ఫోన్లు తీసిందెవరో తేలింది. ఇతనికి ఏ సంబంధమూ లేదు. ఈలోపు ఏటికి అవతల పాతపట్నంలో మాట్లాడుకుంటున్న పెళ్లి సంబంధం మాత్రం వెనక్కి పోయింది. మహేంద్రతనయ దాటడానికి కబురుకు ఎంతసేపు పడుతుంది?

ఈ కార్యక్రమాలు చూడొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనూ చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. పగలంతా తలో దిక్కున ఉన్న ఇల్లు ఒకచోట కూర్చునేది ఆ గంటే. కాకపోతే ఆ గంటలో మన నోట్లోంచి వచ్చిన మాట ఆ గదిలో ఆగదు. గుమ్మం దాటి, బతికున్న మనుషుల మీద పడుతుంది. అలా పడకుండా చూసుకోవడానికి మా ఇంట్లో ఏవి పనికొచ్చాయో వరసగా చెబుతాను. మీ ఇంటికి సరిపడేవి తీసుకోండి.

1. ముందు అది ఏ రకమో తేల్చుకోండి

రిమోట్ కింద పెట్టగానే ఒక ప్రశ్న వేసుకోండి: ఇది వార్తా, జరిగినదాన్ని నటులతో మళ్లీ ఆడించిన కథా, సంబంధించిన మనుషులే మాట్లాడే డాక్యుమెంటరీయా, ఆట పెట్టి తీసిన రియాలిటీ షోనా? నాలుగూ ఒకే తెర మీద, ఒకే రకం సంగీతంతో వస్తాయి కాబట్టి మనసు నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

క్రైమ్ కథ మొదట్లో చిన్న అక్షరాలతో ఒక ప్రకటన వస్తుంది. పేర్లు, ఊళ్లు మార్చామనీ, కొన్ని సన్నివేశాలు కల్పించామనీ అందులో ఉంటుంది. అది కళ్ల ముందు నిలిచేది రెండు మూడు సెకన్లే. దాన్ని ఎవరో ఒకరు పైకి చదవాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. సరిహద్దు ఇళ్లలో ఇది మరీ అవసరం. మా అత్తకు తెలుగు అక్షరాలే వచ్చు. మా ఆయన ఒడియా మీడియంలో చదివారు. అమ్మాయి ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు మాట్లాడుతుందిగానీ కూడబలుక్కుంటే తప్ప చదవలేదు. ప్రకటన ఏ భాషలో వచ్చినా ఇంట్లో ఒకరికైనా అందకుండా పోతుంది. కథ మాత్రం అందరికీ అందుతుంది. అందుకే ఆపి, చదివి, మిగిలినవాళ్లకు తెలుగులో చెప్పాలి. డబ్బింగ్ చేసిన హిందీ కార్యక్రమమైతే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎక్కడో ఉత్తరాదిలో జరిగినదానికి తెలుగు గొంతు పెట్టేసరికి అది మన పక్క వీధిలోనే జరిగినట్టు వినిపిస్తుంది. ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం అని మొదట్లోనే అడిగి తెలుసుకుంటే ఆ భ్రమ సగం తగ్గుతుంది.

2. రియాలిటీ షో అయితే కత్తెర ఎక్కడ పడిందో వెతకండి

బిగ్ బాస్ తరహా షో 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. హిందీలో 2006లో, తెలుగులో 2017 జులై 16న మొదలైంది. ఎక్కడైనా సూత్రం ఒకటే. మనుషులను ఒక ఇంట్లో పెట్టి, బయటి ప్రపంచంతో తెగతెంపులు చేసి, ఇంటినిండా కెమెరాలు అమర్చి రోజంతా తీస్తారు. రాత్రి మనకు చూపించేది గంటో గంటన్నరో. మిగిలిన గంటలన్నీ ఎడిటింగ్ గదిలో ఉండిపోతాయి. ఆ గదిలో కూర్చున్నవాళ్లు అబద్ధం ఆడుతున్నారని నేను అనను. పదహారు మంది గడిపిన రోజును ఒక గంటలో చెప్పాలంటే ఒక కథ అల్లక తప్పదు. కథ అన్నాక ఒకరు మంచివాళ్లు, ఒకరు చెడ్డవాళ్లు కావలసి వస్తుంది.

కత్తెర పడిన చోటు కనిపెట్టడం నేర్చుకోవచ్చు. మొదట మాట్లాడే మనిషి నోరు చూడండి. మాట వినిపిస్తున్నప్పుడు తెర మీద ఆ మనిషి వీపో, వింటున్నవాళ్ల మొహమో ఉంటే, ఆ మాట ఇంకో సందర్భంలోంచి తెచ్చి అతికించి ఉండొచ్చు. తర్వాత కోరచూపు చూడండి. ఒకరు ఏదో అనగానే ఇంకొకరు కళ్లెర్రజేసినట్టు చూపిస్తారు. ఆ చూపు ఆ మాటకే వచ్చిందా, అంతకు గంట ముందు ఆవలింత ఆపుకుంటున్నప్పుడు వచ్చిందా? బట్టలు, చేతిలో కప్పు, జుట్టు, వెనక కూర్చున్న మనుషులు, ఇవి రెండు షాట్లలోనూ కలిశాయా అని చూస్తే తెలుస్తుంది.

ఒకసారి మా అమ్మాయి ఒక గొడవను ఫోన్‌లో వెనక్కి తిప్పి చూపించింది. వంటగది గట్టు దగ్గర నిలబడి అరుస్తున్న ఆవిడ జుట్టు తడిగా, తువ్వాలు చుట్టి ఉంది. ఎదుటివాళ్ల మాట అయ్యాక మళ్లీ ఆవిడ మొహం చూపించినప్పుడు జడ వేసి ఉంది, జడ ఆరిపోయి ఉంది. ఆ రెండు షాట్ల మధ్య కనీసం గంట గడిచి ఉండాలి. మనకు అది ఒకే ఊపిరిలో జరిగిన గొడవలా కనిపించింది. మా అత్త ఆ ముక్కను మూడుసార్లు పెట్టించుకుని చూసింది. అప్పటినుంచి ఎవరు ఎవరినైనా తిడుతుంటే "జడ సూడండర్రా" అంటుంది. మా ఇంట్లో అదొక సామెత అయిపోయింది.

ఇంకో పరీక్ష: గొడవ వస్తున్నప్పుడు ఒక్క నిమిషం సౌండు తీసేయండి. ఉరుములాంటి సంగీతం లేకపోతే అక్కడ ఏముందో కనిపిస్తుంది. చాలాసార్లు ఇద్దరు అలిసిపోయిన మనుషులు గిన్నెలు ఎవరు కడగాలనే విషయం మీద మాట్లాడుకుంటూ ఉంటారు.

ఇవన్నీ చూశాక కూడా ఒకరి మీద అభిప్రాయం ఏర్పడుతుంది. ఏర్పడనివ్వండి. చెప్పేటప్పుడు మాత్రం "చూపించినదాన్ని బట్టి" అని ముందు కలపండి. "ఆమె స్వార్థపరురాలు" అనడానికీ, "చూపించినదాన్ని బట్టి ఆ రోజు స్వార్థంగా ప్రవర్తించింది" అనడానికీ చాలా తేడా ఉంది. రెండోది వింటే పక్కనున్న పిల్లలకు ఆలోచించే చోటు దొరుకుతుంది.

ఓటు గురించి ఒక్క మాట. తెలుగు బిగ్ బాస్‌లో ఓటు ఒకరిని కాపాడటానికి వేస్తారు. గెంటేయడానికి వేరే ఓటు ఉండదు. కాబట్టి నచ్చినవాళ్లకు వేసి ఊరుకుంటే మీ పని అయిపోయినట్టే. నచ్చనివాళ్లను తిట్టడం వల్ల ఒక్క ఓటు కూడా అటూ ఇటూ కాదు.

3. కామెంట్ రాసే ముందు ఒక రాత్రి దాటనివ్వండి

చూసేవాళ్ల మాటకు బలం లేదని అనుకోవద్దు. 2007 జనవరిలో బ్రిటన్‌లో ఇదే తరహా షోలో శిల్పాశెట్టిని తోటి పోటీదార్లు జాతి పేరుతో చిన్నచూపు చూశారని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 44 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. విచారణ జరిగింది, ఛానల్ తప్పు చేసిందని తేల్చారు. ఫిర్యాదు చేసినవాళ్లు కోపాన్ని జవాబు చెప్పాల్సిన చోట పెట్టారు. కోపానికి అలా ఫలితం వచ్చింది.

2023 డిసెంబరు 17 రాత్రి హైదరాబాద్‌లో తెలుగు ఏడో సీజన్ ఫైనల్ అయ్యాక జరిగింది గుర్తు చేసుకోండి. స్టూడియో బయట అభిమానుల గుంపులు కొట్టుకుని, ఆర్టీసీ బస్సుల అద్దాలు, పోటీదార్ల కార్ల అద్దాలు పగలగొట్టాయి. కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. ఆ బస్సులో ఇంటికి వెళుతున్నవాళ్లకు ఎవరు గెలిస్తే ఏమిటి?

ఎపిసోడ్ అవగానే వేళ్లు ఫోన్ మీదికి పోతాయి. రాయండి, పంపకండి. నోట్స్‌లో పెట్టి పడుకోండి. పొద్దున్న టీ తాగుతూ చదివి, మూడు చూసుకోండి. రాసింది ఆ మనిషి చేసిన పని గురించా, ఆ మనిషి ఒంటిరంగు, కులం, యాస, పుట్టుక గురించా? వాళ్ల అమ్మో, బిడ్డో చదివితే ఎలా ఉంటుంది? ఆ మనిషి ఎదురుగా ఉంటే ఇదే మాట అంటారా? పనిని విమర్శించండి, గట్టిగానే విమర్శించండి. యాసను వెక్కిరిస్తే మాత్రం నేను ఊరుకోను. మన ఉత్తరాంధ్ర యాసలో, మా పర్లాకిమిడి యాసలో నలుగురిలో మాట్లాడి వెక్కిరింత పడనివాళ్లు మాలో ఎవరున్నారు? ఆ దెబ్బ తెలిసినవాళ్లం ఇంకొకరి మీద వేయకూడదు.

4. క్రైమ్ కథలో మూడు మాటలు కలిపేయకండి

అన్నింటికన్నా ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

అనుమానితుడు, నిందితుడు, దోషి. ఈ మూడూ మూడు వేరు వేరు మెట్లు. పోలీసులకు ఎవరి మీదైనా సందేహం వస్తే అనుమానితుడు. కేసులో పేరు చేరితే నిందితుడు. సాక్ష్యాలు విని, అవతలి వాదన కూడా విని కోర్టు తేల్చాక దోషి. ఒడియా వార్తల్లో "అభియుక్త" అంటారు. మా ఇంట్లో ఆ మాట రోజూ వినిపిస్తుంది. అభియుక్త అంటే అభియోగం ఉన్నవాడని, అంతకుమించి ఏమీ కాదని అమ్మాయికి చెప్పాను. తెలుగులో మాత్రం మనం మొదటి రోజునుంచే హంతకుడు, కామాంధుడు, కసాయి అనేస్తాం. వాడుక మాటకు గౌరవం తేవడానికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి కష్టపడింది ఈ ఊళ్లోనే, 1936లో ఇది ఒడిశాలో కలవకముందు. నోటి మాటకు ఇంత విలువ ఉందని చూపించిన ఊళ్లో ఉంటూ, ఒక మనిషిని ఏ మాటతో పిలుస్తున్నామో చూసుకోకపోతే ఎలా?

కాబట్టి కథ నడుస్తుండగా ఎవరైనా "వాడే" అంటే, "ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు?" అని అడగండి. మా అత్త ఈ ప్రశ్నకు మొదట్లో విసుక్కుంది. ఇప్పుడు తనే అడుగుతోంది.

తర్వాత కథలో తరచు వచ్చే మూడు ఘట్టాల దగ్గర ఆగి మాట్లాడుకోండి. మొదటిది, చీకటి గదిలో లాఠీ కింద "నేనే చేశాను సార్" అని ఒప్పుకోవడం. సంగీతం ఆగుతుంది, కథ ముగుస్తుంది. నిజానికి పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట కోర్టులో ఆ మనిషి మీద రుజువుగా చెల్లదు. వెనకటి సాక్ష్యాధార చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. ఆ మాటవల్ల కొత్తగా ఏదైనా బయటపడితే, దానికి సంబంధించిన మేరకు మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఎందుకు ఇలా పెట్టారని పిల్లలు అడుగుతారు. దెబ్బలకు తాళలేక ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారు కాబట్టి అని చెప్పండి. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

రెండోది నార్కో పరీక్ష. ఇంజెక్షన్ ఇవ్వగానే నిజం బయటికి వచ్చేసినట్టు చూపిస్తారు. మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని 2010 మే 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒప్పుకుని చేయించుకున్నా, మత్తులో చెప్పిన మాటలే రుజువు కావు.

మూడోది అరెస్టు. మనకు అదే ముగింపులా కనిపిస్తుంది, అసలు పని అప్పుడే మొదలవుతుంది. నేరాన్నిబట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో చార్జిషీటు వేయకపోతే, లోపల ఉన్న మనిషికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. బెయిలు వచ్చిందని వినగానే "డబ్బు పెట్టి బయటపడ్డాడు" అనేస్తాం. బెయిలు అంటే నిర్దోషి అనీ కాదు, తప్పించుకున్నాడనీ కాదు. విచారణకు బయటనుంచి రావచ్చని అర్థం.

తొందర ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పడానికి 2008 నోయిడా కేసు ఒక్కటి చాలు. మే 16న ఒక ఇంట్లో పదమూడేళ్ల అమ్మాయి హత్యకు గురై కనిపించింది. ఇంట్లో పనిచేసే మనిషి కనబడటం లేదు కాబట్టి అతనే చంపి పారిపోయాడని అందరూ అనుకున్నారు. మర్నాడు అతని శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. దేశమంతా ఒకరోజు హంతకుడని పిలిచిన మనిషి అప్పటికే హత్యకు గురై ఉన్నాడు. ఆ తర్వాత అనుమానం వేరే పనివాళ్ల మీదికి, తల్లిదండ్రుల మీదికి తిరిగింది. 2013 నవంబరులో కింది కోర్టు తల్లిదండ్రులకు యావజ్జీవం వేసింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులని విడిచిపెట్టింది. ఈ తొమ్మిదేళ్లలో ప్రతి ఇంట్లో, ప్రతి టీవీ ముందు ఎన్ని తీర్పులు వెలువడి ఉంటాయో ఆలోచించండి. నేనూ చెప్పాను. అప్పట్లో నాకు కొత్తగా పెళ్లయింది, ఈ గదిలోనే కూర్చుని, గట్టి నమ్మకంతో చెప్పాను. ఆ పనిమనిషి కుటుంబం వైపు ఆలోచన కూడా పోలేదు.

5. చనిపోయిన మనిషి గురించి రెండు నిమిషాలు

క్రైమ్ కథలు నేరం చేసినవాడి బుర్ర చుట్టూ తిరుగుతాయి. కథ అయ్యాక టీవీ ఆపి, బాధితురాలి గురించి మనకు ఏం తెలిసిందో చెప్పుకోండి. ఏం చదివింది, ఎవరికి ఏమవుతుంది, ఏ పని చేసేది. ఎక్కువసార్లు ఏమీ తెలిసి ఉండదు, ఆమె వేసుకున్న బట్టల రంగు తప్ప. ఆ ఖాళీని పిల్లలు గమనించడం మంచిది.

ఇంకొకటి చట్టం సంగతి. అత్యాచార బాధితుల పేరు, ఫొటో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం నేరం. భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఫ్యామిలీ గ్రూపులో "ఈ అమ్మాయే" అని ఎవరైనా ఫొటో పెడితే ముందుకు పంపకండి, తీసేయమని పెట్టినవాళ్లకే విడిగా ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో అందరి ముందూ అంటే పౌరుషానికి పోయి తీయరు.

6. భయం ఎంత పెరిగిందో కొలుచుకోండి

వరసగా పదిరోజులు ఇవే చూస్తే ఇంట్లో కొన్ని మార్పులు వస్తాయి. మా అత్త చీరల మూట తెచ్చే ఆవిడకు తలుపు తీయడం మానేసింది. ఆవిడ పదిహేనేళ్లుగా బరంపురం నుంచి వచ్చి మా గడపలోనే కూర్చుని మంచినీళ్లు తాగే మనిషి. తెర మీద హింస ఎక్కువ చూసేవాళ్లకు బయటి లోకం ఉన్నదానికన్నా ప్రమాదంగా కనిపిస్తుందని జార్జ్ గెర్బ్‌నర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970ల నుంచే చెబుతూ వచ్చాడు. మా గుమ్మంలో నేను చూసింది అదే.

ఆ భయం తప్పు వైపు చూపిస్తుంది, అదీ అసలు నష్టం. మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ నివేదికలు ఏటా చెబుతున్నాయి. కొత్తవాళ్లకు తలుపు వేసి, తెలిసినవాళ్ల విషయంలో కన్నుమూసుకుంటే పిల్లలకు కాపలా ఎక్కడ?

ఆ భయం ప్రాణాలు కూడా తీస్తుంది. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ పుకారు నమ్మి ఐదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్లు ఊరూరా తిరిగి భిక్ష మీద బతికే సంచారజాతి మనుషులు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. మన సరిహద్దు ఊళ్లలోకి రెండు రాష్ట్రాల మనుషులు రోజూ వస్తారు, పోతారు. గంగిరెద్దులవాళ్లు, మందులమ్మేవాళ్లు, కొండమీదినుంచి చీపుళ్లు, పసుపు దింపే సవరలు. భాష అర్థంకాని మనిషి దొంగ అనుకోవడం ఇక్కడ ఎంత సులువో మనకే తెలుసు.

చేయాల్సింది ఇది. నిజంగా అనుమానం వస్తే 112కు ఫోన్ చేయండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దు, నలుగురిని పోగుచేయొద్దు. కథ చూశాక భయం వేస్తే, అదే రాత్రి తలుపు గడియ చూసుకుని, ఇంకో పది నిమిషాలు వేరే ఏదైనా చూసి పడుకోండి. మా ఇంట్లో క్రైమ్ కథ అయ్యాక పాత పాటలు పెడతాం. నిద్ర పట్టనంత భయం, పీడకలలు రోజుల తరబడి ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బు ఖర్చు ఉండదు, తెలుగులోనూ మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తోంది.

7. పిల్లలు పక్కనే ఉంటే

ఓటీటీలో ప్రతి కార్యక్రమానికీ వయసు గుర్తు ఉంటుంది: యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ. 13+ నుంచి పైవాటికి తాళం పెట్టుకునే వీలు ఇవ్వాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి పిన్ నంబరు పెట్టండి. పుట్టినరోజు తేదీ పెట్టకండి, పిల్లలు మొదట నొక్కేది అదే.

తాళంతో సరిపెట్టుకోకూడదు. పిల్లలు చూసేశాక అడగండి, తిట్టకుండా అడగండి. "నీకు ఏ ముక్క బాధ అనిపించింది?" అంటే చాలు. మా అమ్మాయి ఒకసారి చాలాసేపు ఊరుకుని, "ఆ అమ్మాయి వాళ్లమ్మకు ముందే చెప్పింది కదా, ఎందుకు వినలేదు?" అంది. నేను ఆ రోజు దానికి జవాబు వెతకలేదు. "నువ్వు చెబితే నేను వింటాను" అన్నాను. ఆ తర్వాత నెలలోపు బడి దారిలో తనను ఇబ్బంది పెడుతున్న ఒక కుర్రాడి గురించి చెప్పింది. పిల్లలకు 1098 నంబరు నోటికి వచ్చేలా చేయండి, ఫోన్‌లో దాచిపెడితే అవసరానికి దొరకదు.

8. కార్యక్రమమే హద్దు దాటితే

గొణుక్కుని ఊరుకోవద్దు, ఫిర్యాదు చేయండి. ఛానల్ పేరు, తేదీ, సమయం, ఏం చూపించారు, ఎందుకు తప్పు అన్న ఐదు సంగతులు రాసి ఛానల్ ఫిర్యాదుల అధికారికి పంపాలి. వివరాలు వాళ్ల వెబ్‌సైటులో ఉంటాయి. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తిగా లేకపోతే ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆ పైన కేంద్ర ప్రభుత్వానికి వెళ్లొచ్చు. ఓటీటీకీ ఇదే దారి.

9. నోరు జారితే వెనక్కి తీసుకోండి

ఇది అన్నింటికన్నా కష్టమైన మెట్టు. ఎవరి దగ్గర అన్నారో వాళ్ల దగ్గరకే వెళ్లాలి. ఎంత మందితో అన్నారో అంతమందితోనూ చెప్పాలి. "అప్పుడు నాకు తెలియక అన్నాను, అది నిజం కాదు" అంటే చాలు, కారణాలు చెప్పుకోవద్దు. తర్వాత ఆ మనిషి ఇంటికి వెళ్లాలి. వాళ్లు క్షమిస్తారని ఆశపెట్టుకుని వెళ్లకూడదు.

నేను కుళాయి దగ్గర ఆ ముగ్గురితోనూ చెప్పాను. ఒకావిడ "ఇప్పుడెందుకే అవన్నీ" అంది. మిగతా ఇద్దరూ విని తలూపారు. సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. అప్ప డాబా మీద మంచం వాల్చి వడియాలు పెడుతోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు, పిండి గిన్నె కింద పెట్టలేదు. చాలాసేపటికి మంచం మీద గుడ్డ గాలికి లేస్తుంటే, "ఆ చివర పట్టుకో" అంది. పట్టుకున్నాను.